రెక్కకు పెట్టిన గమ్ము

బత్తలపల్లె అవతల మూతపడిన వేరుశనగ మిల్లు. మండు వేసవి, మధ్యాహ్నం మూడు దాటింది. రేకుల కింద దివాకర్, అతని భార్య వనజాక్షి. ఇద్దరి మధ్య, డ్రమ్ముల మీద, రెండు మంచాలంత వెడల్పున రెక్కలు చాచుకుని, రిమోటుతో ఎగిరే హరికేన్ యుద్ధవిమానం.

“…కాకపోతే ఇది కారి బయటపడిన జిగురు గదా, బయటిది ఎప్పుడూ కొంచెం మెత్తగానే ఉంటాది, లోపల రెక్కను పట్టుకుండే గొట్టం చుట్టూరా ఉండేది వేరే, దానికి ఎండ తగల్దు, తగలకపోతే మెత్తబడేదానికి ఏముండాది, అయినా గోరు దిగినంత మాత్రాన…”

“ఎవురితో మాట్లాడుతాండావు?”

“ఆఁ? ఎవురితోనూ లేదు వనజా.”

“గోరు దిగినంత మాత్రాన అంటివి. యాడ దిగింది గోరు?”

“ఏంలేదు. పూలు వాడిపోకుండా తడిగుడ్డ కప్పినావా?”

“కప్పినా. గోరు యాడ దిగింది?”

“ఈడ. రెక్క మొదట్లో. రంగు ఆరాలని పొద్దున ఎండలో పెట్టినాం గదా, అప్పుడు చూస్తి.”

“పొద్దున చూసినావా? ఇప్పుడు చెప్తాండావా?”

“ఇప్పుడు గట్టిగుండాది. నొక్కు. నొక్కి చూడు. రాయి మాదిరి.”

“ఇప్పుడు నీడలో ఉండాది.”

“అదే నేను అంటాండేది. నీడలో గట్టిగుండాది.”

“ఇంకాసేపట్లో ఇది నీడలో ఎగురుతాదా?”

“పైన గాలి తగుల్తాది. చల్లబడతాది.”

“ఎగిరేముందు ఎండిన చెరువులో నిలబెట్టల్ల గదా, అందురూ ఫోటోలు దిగేదానికి. బావ చెప్పినాడు గదా. అంతసేపూ ఎండలోనే గదా ఉంటాది.”

“గొడుగు పడతాం.”

“ఇంత రెక్కకు గొడుగా?”

“షామియానా గుడ్డ అడుగుతా. నువ్వు ఊరికే ఇట్ల… వనజా, నన్ను కొంచెం ఆలోచించనీ.”

“పొద్దున్నుంచి ఆలోచిస్తానే ఉండావు గదా. అన్నం కూడా తినలేదు. వేడికి కడుపు బాగలేదు అంటే నమ్మితి.”

“కడుపు బాగలేదు. నిజమే అది.”

“నీ ఫోను మోగుతాంది.”

“మోగనీ.”

“మీ పెదనాయన కొడుకు. హనుమంతరాయుడు బావ. ఎత్తు.”

“ఎత్తి ఏం చెప్పల్ల?”

“గోరు దిగిందని చెప్పు.”

“గోరు దిగిందంటే ఆయనకేం అర్థమైతాది? వాళ్ళ నాయన పేరు మీద క్రికెట్టు ఆటలు పెట్టె. నీళ్ళు లేని చెరువంతా చదును చేయించె. ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పె, విమానం వస్తాది, పూలు చల్తాది అని. చుట్టుపక్కల బడుల పిల్లోళ్ళనంతా తెచ్చి కూర్చోబెట్టె. ఇప్పుడు నేను ఫోన్లో గోరు గురించి చెప్పల్నా?”

“ఆగిపోయె ఫోను.”

“మంచిదే.”

“నేను అడుగుతాండేది ఆ పిల్లోళ్ళ గురించే. విమానం వాళ్ళ పక్కన పోతాదా, నెత్తి మీద పోతాదా?”

“పూలు వాళ్ళ మీదే గదా పడాల.”

“అంటే నెత్తి మీద.”

“…నెత్తి మీదే. ఎత్తులో కాదులే. కిందుగా. పూలు గాలికి పోకుండా.”

“ఎంత బరువు ఇది?”

“నీకు తెలుసు గదా.”

“చెప్పు. నీ నోటితో చెప్పు.”

“పద్దెనిమిది కిలోలు.”

“పెట్రోలు పోయకముందు.”

“పెట్రోలు పోయకముందు. అయితే ఏమి ఇప్పుడు? బరువు లేని విమానం యాడన్నా ఉండాదా?”

“అరవద్దు. రా, ఎత్తి చూద్దాం. నువ్వా కొన పట్టుకో, నేనీ కొన పట్టుకుంటా. నువ్వే గదా నేర్పిస్తివి. పెద్ద విమానం ఏదైనా సరే, ఎగరేసేముందు రెండు రెక్కల కొనలు పట్టుకొని ఎత్తి చూడల్ల, బరువంతా రెక్క మొదట్లో పడతాది, ఆడ తట్టుకుంటే పైన కూడా తట్టుకుంటాది అని.”

“చెప్పినా.”

“దీన్ని ఎత్తలేదు గదా మనం?”

“రంగు పచ్చిగుండె.”

“ఇప్పుడు ఆరింది.”

“ఇప్పుడు టైము లేదు.”

“ఎత్తేదానికి ఎంత టైము కావల్ల?”

“ఎత్తినప్పుడు ఏమన్నా అయితే వనజా?”

“అయితే ఏముండాది? తెలుస్తాది.”

“అదే.”

“ఏమదే?”

“ఏంలేదు. చూడు, నేను చెప్పేది విను. ఇది కావడానికి వీల్లేదు. నేను ఆ జిగురు కోసం ఎన్నాళ్ళు కొట్లాడితి? బెంగుళూరు అంగడాయన ఏమన్నె? ఏది పెట్టినా అంటుకుంటాదన్నె. ఆయనకేం, ఆయన ఊర్లో చెట్లుండాయి, వానలుండాయి. మన ఊర్లో వేసవిలో వాకిట్లో పెట్టిన ఇనుపకుర్చీ మీద కూర్చోగలమా? దీనికేమో ముదురాకుపచ్చ రంగు, మట్టిరంగు. యుద్ధంలో కనపడకూడదని వేసిన రంగు అది. ఆ రంగు ఎండనంతా తాగుతాది. అందుకే నేను నిదానంగా ఆరేది తెప్పిస్తి. రెండు డబ్బాలది. బిరీన గట్టిపడేది బిరీన మెత్తబడతాది. నిదానంగా ఆరినదాన్ని, ఆరినాక దుప్పటి కప్పి బల్బుల వేడిలో పెట్టినామంటే, అది ఎండకు లొంగదు.”

“నాకెందుకు చెప్తాండావు? కలిపింది నేను గదా. నా కాటా మీద తూసి కలిపితి. ఇప్పటికీ ఆ కాటాలో చక్కెర పెట్టేదానికి మనసొప్పదు.”

“కుండనీళ్ళలో గ్లాసు పెట్టి కలపమని చెప్పింది నేను గదా.”

“మొదటిసారి కలిపిన జిగురు కాగి గ్లాసు పొగలు కక్కినాక చెప్తివి. విసిరేయ్ విసిరేయ్ అని నువ్వు దుంకుతాంటే నేనే గదా తీసుకపోయి ఇసకలో పెడితి.”

“సరే, నువ్వే.”

“శెనక్కాయ పొట్టు దంచి, జల్లెడ పట్టి, జిగురులో చిక్కగా కలిపింది కూడా నేనే.”

“నువ్వే అంటి గదా. అందుకే అడుగుతాండా. డబ్బాలది అయితే గోరు దిగకూడదు.”

“ఊఁ.”

“దిగింది.”

“ఊఁ.”

“వనజా. రెక్క మొదట్లో ఆ గొట్టానికి ఏం పెట్టినావు?”

“నువ్వు చెప్పిందే పెట్టినా.”

“నేను చెప్పింది డబ్బాలది.”

“కాదు.”

“కాదేంది? రెక్కకు ఇంకేం చెప్తారు?”

“గమ్ము అంటివి.”

“గమ్మా!”

“గమ్ము.”

“ఆ రెండు మూతుల సిరంజిదా? ఐదు నిమిషాలదా? అది బొమ్మ పైలటు తల అతికించేదానికి తెస్తి గదా! రెక్కకు గమ్ము పెట్టమని నేనంటానా? నేనా? తిక్క పట్టినా అంటానా?”

“నేనూ అట్లే అనుకుంటి. రెక్కకు గమ్మేంది అని. అందుకే పని ఆపి నీ కాడికి వచ్చి అడిగితి. నువ్వు ఆడ గేటు కాడ ఫోన్లో ఉంటివి. బావతో. నేను చేతిలో గొట్టం పట్టుకొని వచ్చి, ‘ఏమయ్యా, దీనికి డబ్బాలదా, గమ్మా?’ అంటి. నువ్వు నా పక్క చూడలేదు. చెయ్యి ఇట్ల ఊపి, ‘గమ్ము’ అంటివి. ఆ తర్వాతది ఫోన్లోకి పాయె.”

“అట్ల అనింటానా…”

“అంటివి. నాకు బాగా జ్ఞాపకం. ఇట్ల ఊపితివి చెయ్యి.”

“ఆగు. ఇట్ల ఊపితినా? ఈగను తోలినట్ల?”

“ఊఁ. అట్లే.”

“వనజా… నేను గమ్మునుండు అనింటా.”

“ఏమి?”

“గమ్మునుండు అనింటా. అన్న ఆ పక్క పూల గురించి ఏందో చెప్తాండె, మల్లెపూలా బంతిపూలా అని. నువ్వు ఈ పక్క మాట్లాడుతాంటే వినపడలే. గమ్మునుండు అనింటా. ఇంకేముండాది అనేదానికి.”

“గమ్మునుండు.”

“అంతే.”

“జిగురు కాదా?”

“కాదు.”

“నేను పరుగెత్తుకుంటా వచ్చి, సిరంజి మూతి కోసి, పొట్టు కలిపి, గట్టిపడేలోపల బిరబిరా పూస్తి. పని బాగా కుదిరిందని అనుకుంటి కూడా.”

“నవ్వుతాండావా?”

“నవ్వే వస్తాంది. ఏం చేసేది?”

“నవ్వద్దు. వనజా, నవ్వద్దు. ఒక మాట మళ్ళీ అడిగింటే ఏం పోతాండె? అర్థం కాకపోతే మళ్ళీ అడగల్ల గదా మనిషి!”

“నాకు అర్థం కాకపోతే గదా అడిగేది. అర్థమయ్యింది అనుకుంటి.”

“రెక్కకు గమ్ము పెట్టమంటే అర్థమైపోయిందా నీకు?”

“ఇదో, నేను ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. నువ్వు ఆ మాట అంటే నేను ఎప్పుడన్నా తప్పుగా వింటినా? పెండ్లైనప్పట్నుంచి వింటాండా. మీ అమ్మ కాడ అంటివి, మా నాయన ముందర అంటివి, నా నొప్పి నేను చెప్పుకుంటాంటే డాక్టరు ముందర కూడా అంటివి. సగం మాట వచ్చేలోపలే నా నోరు మూతపడతాండె. చెవికి పనే లేదు దాంట్లో. మరి ఆ పొద్దు ఏమైందో, నేనే ఆలోచించుకుంటాండా ఇప్పుడు.”

“ఏమైంది?”

“ఈ విమానం మొదలుపెట్టినాక నువ్వు నాతో వేరేగా మాట్లాడితివి. గుడ్డ ఏ పక్కకు కోసేది, పొట్టు ఎంత కలిపేది, యాడ గరుకుకాగితం పట్టేది. నేను అడుగుతాంటి, నువ్వు జవాబు చెప్తాంటివి. ఈ రేకుల కిందకు వస్తే నా మాటకు జవాబు ఉండాది అని అలవాటైపాయె. గమ్ము అంటే అది కూడా జవాబే అనుకుంటి. అంతే. వేరే ఏం లేదు.”

“ఇప్పుడు అదంతా ఎందుకులే.”

“నువ్వే అడిగితివి.”

“ఎంత పూసినావు?”

“ఏమి?”

“గమ్ము. గొట్టం చుట్టూరా పూసినావా, ఒక పక్కేనా?”

“చుట్టూరా. ఎందుకు?”

“చుట్టూరా అయితే పట్టుకుంటాదిలే. ఒక్క రౌండు. ఒక్కటే. గట్టిగా తిప్పను, పైకి గుంజను, నిదానంగా వంగి, పూలు వదిలి, దింపేస్తా. పొట్టు కూడా కలిపినావు గదా, పొట్టు గట్టిగా…”

“ఏం మాట్లాడుతాండావయ్యా నువ్వు?”

“నీకు తెలీదు వనజా.”

“ఏం తెలీదు నాకు?”

“మిల్లు మూసినాక ఊర్లో నాకు పేరుండాదా? విమానం దివాకరు. బొమ్మల దివాకరు. హోటల్లో టీ తాగుతాంటే రెండు చేతులు చాపి రయ్యిమని నవ్వుతారు. నా ముందరే. మొన్న అన్న మైకులో ఏమన్నె? ‘మా తమ్ముడు దివాకర్’ అన్నె. అంతే. ముందరా వెనకా ఏమీ తగిలించలేదు. నేను బడ్డీకొట్టు కాడ నిలబడి వింటి. మళ్ళీ అంటాడేమో అని ఆటో వెనక కొంతదూరం నడిస్తి కూడా.”

“విమానం పడినాక కూడా మైకులో చెప్తారు ఆ పేరు.”

“పడదు!”

“ఎట్ల తెలుసు నీకు?”

“పడితే, పడితే. ఎప్పుడు చూడు పడితే. నీ నోట్లో మంచిమాటే రాదా?”

“ఇందాక నేను చెరువు కాడికి పోయి చూస్తి, వాళ్ళను. బడిచొక్కాలేసుకొని, గట్టుకు ఆనుకొని కూర్చొనుండారు. టీచరమ్మ పాట నేర్పిస్తాంది. దివాకర్, నువ్వు కండ్లు మూసుకొని ఒక్కసారి చూడు. విమానం వస్తాది. రెక్క విరిగింది అనుకో. పెద్దోళ్ళైతే పరుగెత్తుతారు. పిల్లోళ్ళు పరుగెత్తరు. నోర్లు తెరుచుకొని పైకి చూస్తాంటారు. పూలు పడతాయని చెప్పింటారు గదా వాళ్ళకు. చేతులు చాపుతారు. చేతులు చాపుతారు దివాకర్.”

“చాలు.”

“చాల్లే అయితే.”

“ఇంజను స్టార్టు కాలేదని చెప్తా.”

“నిన్న సాయంత్రం స్టార్టు చేస్తివి. ఊరంతా వినింది.”

“గాలి ఎక్కువుండాదని చెప్తా.”

“ఆ వేపాకు కదుల్తాందా చూడు.”

“రిమోటు బ్యాటరీ…”

“అనంతపురం నుంచి కారులో ఇంకోటి తెప్పిస్తాడు. నీకు తెలుసు ఆయన సంగతి. అబద్ధం చెప్తే ఆయన దాన్ని రిపేరు చేయిస్తాడు. నా మీద చెప్పు. వనజ తప్పు గమ్ము పెట్టింది, దీన్ని ఎగరేయకూడదు అని చెప్పు. అది నిజమే గదా.”

“చెప్తే ఏమంటాడు? ఆడదాన్ని పెట్టుకొని విమానం చేసినావా అంటాడు. నలుగురి ముందర అంటాడు.”

“అననీ.”

“నీకు సులభం.”

“నాకా? నాకు సులభమా?”

“…జీపు.”

“ఊఁ. బావే.”

“నువ్వు లోపలికి పో.”

“పోను. చెప్తావా?”

“చెప్తా.”

“ఏం చెప్తావు?”

“ఏదో ఒకటి. నీళ్ళు తీసుకరా పో.”

“ఒరే దివాకరా! ఫోనెత్తేదానికి చేతులు లేవా నీకు? ఆడ ఎమ్మార్వో వచ్చి కూర్చొనుండాడు, టీచర్లు నా మొగం చూస్తాండారు. నేనేమన్నా గాల్లోంచి విమానం తీయల్నా?”

“రాన్నా. కూర్చో.”

“కూర్చునేదానికి వస్తినా? ఏమ్మా వనజా, బాగుండావా? కొంచెం నీళ్ళియ్యి తల్లీ, గొంతు ఎండిపాయె.”

“ఇదో బావా.”

“అబ్బా… ఇదా! ఇంత పెద్దదా! ఒరే, నేను బొమ్మ అనుకుంటి గదరా. పేరేమి దీనికి?”

“హరికేన్.”

“లాంతరా?”

“యుద్ధవిమానం అన్నా. పాతకాలంది. మనోళ్ళు బర్మా పక్క నడిపినారు.”

“లాంతరే అనుకుంటా నేనైతే. గాలికి ఆరిపోదు గదా? హహ. పద, పద, ట్రాలీ తెచ్చినా, మనుషులుండారు, ఎత్తించు.”

“అన్నా, ఇంజను కొంచెం…”

“ఏమైంది ఇంజనుకు? నిన్న మా ఇంట్లో గిన్నెలు కదిలె దాని శబ్దానికి.”

“నిన్న బాగుండె.”

“నిన్న బాగున్నది ఈ పొద్దుకేమైతాది? బుల్లెట్టు బండ్లు రిపేరు చేసే తౌఫిక్‌ను పిలిపిస్తా, రెండు నిమిషాల్లో వస్తాడు. అలో అనేలోపల వస్తాడు.”

“వద్దన్నా, వద్దు. ఇంజను కాదులే. గాలి ఏమన్నా ఎక్కువైతే అని…”

“గాలా? నా వీపు చూడు, చొక్కా అతుక్కపోయింది. గాలంటాడు! ఏమప్పా, నీ మొగం అట్ల పెట్టినావేంది? భయమా? ఇంతమందిలో ఎగరేయలేదు గదా ఎప్పుడూ. భయపడద్దు. నేనుండా పక్కన.”

“బావా, ఆ రెక్క మొదట్లో…”

“వనజా, గమ్ము…”

“ఊఁ? ఏందప్పా? ఆ పిల్ల ఏందో చెప్తాంది, నువ్వు గమ్ము అంటివి, నిలబడిపోతివి. మింగినావా మిగతాది? గమ్మేంది?”

“గమ్ము… గమ్మన్నా. రెక్కకు పెట్టిన గమ్ము.”

“ఆఁ?”

“తప్పు గమ్ము పెట్టినాం. ఒకటి పెట్టాల్సింది, ఇంకోటి పెట్టినాం. ఎండకు మెత్తబడతాది అది. ఎగరకూడదన్నా ఇది.”

“పెట్టినామంటే ఎవురు పెట్టినారు?”

“నేను పెట్టినా బావా.”

“చెప్పింది నేను.”

“కాదు బావా, ఆయన వేరే…”

“చెప్పింది నేనన్నా. ఆమె అడిగింది. నేను సరిగ్గా చెప్పలేదు.”

“ఆపండి ఇద్దరూ! గమ్ము అంట. గమ్ముకు ఇంత కథా? ఏదీ, ఇదా? టక్ టక్. ఇనుము మాదిరి ఉండాది గదరా!”

“నీడలో ఉండాది.”

“నీడలో గట్టిగుండేది ఎండలో పోతాదా? మనుషులం మనమే ఉండాం ఎండలో.”

“అన్నా, నా మాట…”

“నువ్వు నా మాట విను. మా నాయనకు ఆటలంటే ఎంత పిచ్చో నీకు తెలుసు. ఫోటో పెట్టినాం, దండేసినాం. ఆ ఫోటో మీద నాలుగు పూలు ఆకాశం నుంచి పడితే చాలు నాకు. ఒక్క రౌండురా. ఒకే ఒక్క రౌండు. నువ్వు ఎగరేయగలవు, నాకు తెలుసు. ఇప్పుడు నేను పోయి మైకులో ఏం చెప్పల్ల? మా తమ్ముడు గమ్ము తప్పు పెట్టినాడు, లేచి ఇండ్లకు పోండి అని చెప్పల్నా?”

“ఒక్క రౌండు…”

“ఆఁ, ఒక్కటే.”

“దివాకర్!”

“వింటాండా వనజా. అన్నా, ఆ కొన పట్టుకో.”

“ఏ కొన?”

“ఆ రెక్క కొన. నేనీ కొన పట్టుకుంటా. ఇద్దరం కలిసి ఎత్తుదాం. ఇది నిలబడితే నువ్వు చెప్పినట్లే చేస్తా.”

“మాట?”

“మాట.”

“ట్రాలీ మనుషులను పిలుస్తా, నేనెందుకు?”

“నువ్వే పట్టుకోవల్ల. చేతికి తెలియల్ల నీకు.”

“సరే, పట్టు. ఏం బరువురా… ఊఁ. లేచె. చూడు, లేచె గదా! ఏమైంది? ఏం కాలేదు. మంచం మాదిరి లేచె. ఇంక దించి ట్రాలీ…”

“దించొద్దు. అట్లే బయటికి పదన్నా. ఎండలోకి.”

“ఎండలోకా?”

“చెరువులో ఎండే గదా. పద. చూసుకొని. వనజా, గేటు తీ.”

“తీసినా. బావా, రాయుండాది, పక్కకు.”

“ఎంతసేపురా పట్టుకోవల్ల?”

“అందురూ ఫోటోలు దిగేంతసేపు.”

“తిక్కోడివిరా నువ్వు. ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు? తలలు నెరిసినోళ్ళు ఇద్దరు రెక్కలు పట్టుకొని ఎండలో నిలబడినారు అనుకుంటారు. నా చేతులు గుంజుతాండాయి.”

“నావీ గుంజుతాండాయి.”

“చెమట కండ్లలోకి పోతాంది.”

“పోనీ అన్నా. మాట్లాడు ఏదన్నా.”

“ఏం మాట్లాడల్ల? నాయన ఉండింటే నీ చెవి మెలేసింటాడు. చిన్నప్పుడు గాలిపటం పట్టుకొని మిద్దె మీదనుంచి దూకేదానికి పోతే, మెలేసె గదా. జ్ఞాపకముండాదా?”

“ఉండాది.”

“ఏమన్నా అయ్యిందా దీనికి? ఏం కాలేదు. నేను చెప్తి గదా, నువ్వు ఊరికే… దివాకరా.”

“ఆఁ అన్నా.”

“నువ్వేమన్నా ఎత్తుతాండావా నీ పక్క?”

“లేదన్నా. కదల్లేదు నేను.”

“బావా, కింద చూడు. రెక్క మొదట్లో.”

“ఏముండాది కింద? నాకు కనపడదమ్మా ఈడికి.”

“సందు. లోపల ఉన్నప్పుడు కాగితం కూడా దూరేది కాదు. ఇప్పుడు నా వేలు దూరుతాంది. ఇదో.”

“వేలు తీ వనజా! వేలు పెట్టద్దు.”

“తీసినా.”

“ఒరే… దీని నడుము కిందికి దిగుతాందిరా. నా చేతికి తెలుస్తాంది. ఇట్ల వస్తాంది, నిదానంగా, ఎవురో గుంజినట్ల. విరిగిందా?”

“విరిగితే శబ్దం వస్తాదన్నా. ఇది విరగదు. సాగుతాది.”

“శబ్దం లేకుండానా?”

“శబ్దం లేకుండా.”

“దేవుడా… ఆ పిల్లోళ్ళ మీద ఇది…”

“ఊఁ.”

“నా ఫోను. మోగుతాంది. సందీప్ అయింటాడు, మైకు కాడ్నుంచి. దించు, దించురా, మాట్లాడల్ల.”

“దించొద్దన్నా.”

“ఇంకా ఏముండాదిరా చూసేదానికి?”

“దించితే మళ్ళీ నీడలోకి తీసుకపోతాం. నీడలో అది గట్టిపడతాది. నువ్వు నొక్కి చూసి, ఒక్క రౌండు అంటావు. నేను సరే అంటా. నాకు తెలుసు, అంటా. వనజా, అన్న జేబులో ఫోను తీ.”

“బావ జేబులోనా?”

“తీ.”

“ఏమయ్యా, బావ చొక్కా మీద చెయ్యేసేది యాడన్నా ఉండాదా? నేనెట్ల…”

“నాకు చేతులు లేవు, ఆయనకు చేతులు లేవు. నువ్వే తీయల్ల.”

“తీమ్మా. ఏం కాదు, తీ. ఆగిపోతాది.”

“తీసినా. ఎవురి చెవి కాడ పెట్టేది?”

“నీ చెవి కాడ. మాట్లాడు.”

“నేనా? ఏమని?”

“నీకు తెలుసు గదా వనజా.”

“అలో… బావ కాదు సందీపూ, నేను, వనజాక్షిని… ఈడే ఉండారు ఇద్దరూ, చేతులు ఖాళీ లేవు… లేదు. విమానం రాదు. ఆలస్యం కాదప్పా, రాదు… పిల్లోళ్ళను లేపి నీడలోకి పంపీ, నీళ్ళియ్యమను… ఎవురు చెప్పమన్నారు అంటావా? ఎవురూ కాదు. నేను చెప్తాండా.”